నిజంగా వచ్చిన నడుం నొప్పి

నా సర్వీసు రిజిస్టరు ప్రకారం నాకు మూడుసార్లు కామెర్లు, రెండుసార్లు టైఫాయిడు, ఒకసారి నడుం నొప్పి వచ్చాయి. నిజానికి ఇవేవీ నాకు రాలేదు. మొదటి కామెర్లు మా బావమరిది పెళ్లి. రెండోవి మా చెల్లెలి గృహప్రవేశం. మూడోవి ఎందుకొచ్చాయో నాకే గుర్తులేదు. ఒక టైఫాయిడు మీద తిరుపతి వెళ్లాను. వెళ్లినవాణ్ణి నోరు మూసుకుని ఊరుకోకుండా, గుండు మీద టోపీ పెట్టుకుని ఆఫీసులో లడ్డూలు కూడా పంచాను. సెలవు మంజూరు చేసిన సూపరింటెండెంటుగారే రెండో ముక్క అడిగి తిన్నారు. గవర్నమెంటు ఆఫీసులో దీన్ని అబద్ధం అనరు. మామూలు సెలవులు అయిపోయినవాడు రోగాన్ని ఆశ్రయిస్తాడు, అంతే. అందరికీ తెలుసు, అందరూ సంతకం పెడతారు.

నా రోగాలన్నీ రాసిచ్చింది శంషాబాద్‌లో మా వీధి చివరి డాక్టరు. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం. సిటీలో అద్దెలకు జడిసి శంషాబాద్‌లో రెండు గదులు కట్టుకున్నాం. ఆ డాక్టరు ఏడేళ్లలో ఒక్కసారి కూడా నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టలేదు. నన్ను చూడగానే కలం మూత తీసి, "ఏం రాయమంటారు?" అని అడిగేవాడు. ఇడ్లీయా దోసెలా అన్నట్టు ఉండేది ఆ అడగడం.

అలాంటి నాకు తొంభైల చివర్లో నిజంగానే నడుం నొప్పి వచ్చింది.

రాక ఏమవుతుంది? రోజూ పొద్దున శంషాబాద్ నుంచి సిటీకి, సాయంత్రం సిటీ నుంచి శంషాబాద్‌కి బస్సులో వెనక చక్రం మీది సీటు. ముందు సీట్లన్నీ మాకు ముందున్న ఊరు పాల్మాకులలోనే నిండి వచ్చేవి. రోడ్డు వేస్తామని ప్రతి ఎన్నికల్లోనూ చెప్పారు. వేయలేదని అబద్ధం ఆడకూడదు, వేశారు, గుంతల మధ్య అక్కడక్కడా. ఇక మా నల్లా తెల్లవారుజామున ఐదింటికి వచ్చి, వచ్చానని చెప్పి వెళ్లిపోయేది. ఒకరోజు ఆ నీళ్ల బిందె ఎత్తబోయి వంగాను. బిందె అక్కడే ఉంది, నేనూ అలాగే ఉన్నాను. లేవలేను, కూర్చోలేను. మా ఆవిడ వచ్చి చూసి, "మా అక్క కూతురి పెళ్లికి వచ్చిందే, ఆ నడుం నొప్పేనాండీ?" అంది.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. నేను ఏడేళ్లు అక్కడ కల్లే తాగాను కాబట్టి లోకాన్ని అనడానికేం లేదు. అయినా కట్టుకున్న మనిషి అలా అంటే మండదూ? నాకు మండింది.

సరిగ్గా ఆ వారంలోనే ఎలక్షన్ డ్యూటీ ఆర్డరు వచ్చింది. ఆ రోజుల్లో ఢిల్లీలో ప్రభుత్వాలు మా వీధిలో కరెంటులా ఉండేవి, వచ్చిందని సంతోషించేలోగా పోయేవి. అక్కడ వాళ్లు పడిపోయిన ప్రతిసారీ ఇక్కడ మేం రేకు డబ్బాలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు పట్టుకుని పోవాలి. డ్యూటీ అంటే ముందురోజు సామాన్లు మోయడం, బల్ల మీద పడుకోవడం, మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొయ్య కుర్చీలో కదలకుండా కూర్చోవడం. చెప్పు తొడుక్కోవడానికి కూడా వంగలేనివాడికి అది ఎలా కుదురుతుంది? మినహాయింపు కావాలి. దానికి సర్టిఫికెట్టు కావాలి. అదెంతసేపులే అనుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఏం రాయమంటారు?"

"నడుం నొప్పి."

"అది ఇదివరకు వాడేశాం కదండీ. ఎలక్షన్లకు గుండె మంచిది, ఎదురు ప్రశ్నలు వెయ్యరు."

"కాదండీ, నాకు నిజంగానే నడుం నొప్పి."

ఆయన కలం కింద పెట్టేశాడు. పాపం, ఏం చెయ్యాలో తోచలేదు. "అయితే మీరు ఎవరైనా డాక్టరుకు చూపించుకోవాలండీ" అన్నాడు. చివరికి ఉన్నది ఉన్నట్టే రాసిచ్చాడు. నా జీవితంలో మొట్టమొదటి నిజమైన సర్టిఫికెట్టు అది. దాన్ని తీసుకెళ్లి సూపరింటెండెంటుగారి ముందు పెట్టాను. ఆయన నా ఫైలు తెప్పించి, తీరిగ్గా తిరగేసి, కళ్లజోడు తీశారు.

"మీ ఫైల్లో ఉన్న రోగాలన్నీ నిజమైతే, ఈపాటికి కారుణ్య నియామకం కింద మీ ఆవిడ ఆ సీట్లో కూర్చుని ఉండేదండీ."

లడ్డూ తిన్న నోరు అది.

మినహాయింపులు చూసే ఆఫీసుకు కూడా వెళ్లాను. అక్కడి క్యూ చూస్తే ఈ రాష్ట్రాన్ని ఇంతకాలం ఇంతమంది రోగులు నడిపారా అని కన్నీళ్లు వస్తాయి. రోడ్డు మీద నిటారుగా నడిచివచ్చినవాళ్లు గేటు దాటగానే కుంటడం మొదలుపెట్టేవారు. నేను ఇంటి దగ్గర్నుంచీ వంకరగానే నడిచివచ్చాను. కౌంటరులో ఉన్నాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "జర ఎక్కువైంది సార్. కొద్దిగ తక్కువ వంగితె నమ్మేటోణ్ని" అన్నాడు. పక్కనే మధుమేహం సర్టిఫికెట్టు ఇచ్చినవాడు మినహాయింపు కాగితం జేబులో పెట్టుకుని బయటికెళ్లి, ఆ సంతోషంలో జిలేబీ తింటున్నాడు.

అలా నేను, నా నడుము డ్యూటీకి బయల్దేరాం. తొండుపల్లి దాటి లోపలికి వెళ్లాక ఒక చిన్న ఊరు, అందులో రెండు గదుల బడి. మా ప్రిసైడింగ్ ఆఫీసరు ఒక జూనియర్ కాలేజీ లెక్చరరు. కొత్తవాడు. రూల్సు పుస్తకాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేవాడు. నేను మొదటి పోలింగ్ ఆఫీసర్ని. అంటే ఓటరు చీటీ తెస్తే, జాబితాలో ఆ నంబరు వెతికి, పేరు పైకి చదివి, మనిషి ఆ మనిషేనని చూసుకుని, పేరు కింద గీత గీయాలి. గీత పడితే ఓటు వేసినట్టే లెక్క. కూర్చుని చేసే పనే కదా అంటారు చూసేవాళ్లు. కూర్చోవడమే కదా నా రోగం!

మేం లారీ దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. బడి పక్కింట్లో ఒక ముసలమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను సంచి పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, పని ఆపి పిలిచింది.

"ఓ సారూ, నడుం పట్టిందా ఏంది?"

నేను ఆగిపోయాను. ఆమె నన్ను కాగితం అడగలేదు. "మీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"నడక జూస్తె ఎర్కైతలేదా? నాకు ఇరవై ఏండ్ల సంది గిదే బీమారి. దా, గీ మంచంల బోర్ల పండు. దొడ్డుప్పు కాపుడు పెడ్త."

గౌరవనీయులైన పోలింగ్ అధికారిని, పరాయి వాకిట్లో నులక మంచం మీద బోర్లా పడుకున్నాను. పడుకోకూడదని రూల్సు పుస్తకంలో ఉందేమో చూస్తానని లెక్చరరు లోపలికి పోయాడు. ఆమె పెనం మీద ఉప్పు వేయించి, పాత గుడ్డలో మూటగట్టి, నడుం మీద అద్దుతూ మాటలు మొదలుపెట్టింది. మాటలు కావవి, తిట్లు. మోకాళ్లను తిట్టింది. ఎండిన బోరును తిట్టింది. కరెంటును, సూదిమందు లేని దవాఖానను, పహాడీ షరీఫ్ దర్గాకు పోదామంటే ఆగకుండా పోయే బస్సును వరసపెట్టి తిట్టింది.

"గీడ ఇమానాలు దిగుతయంట సారూ! చెయ్యెత్తితె బస్సే ఆపరు, ఇమానం ఆపుతరంట!"

కొత్త విమానాశ్రయం ఆ వైపే వస్తుందని అప్పటికి పుకారు నడుస్తోంది. నేను మంచంలో మొహం పెట్టుకునే నవ్వాను. నవ్వితే నడుం నొప్పి, అయినా నవ్వాను. చాలా రోజుల తర్వాత ఎవరో నా తరఫున మాట్లాడుతున్నట్టు అనిపించింది.

"పోయినపారి గెలిచినోడు అవ్వా అని నా కాళ్లు మొక్కిండు. గెలిచినంక జీపు అద్దాలు ఎక్కిచ్చుకున్నడు. రేపు ఉన్నది వానికి. ఇన్నొద్దుల సంది తిట్టిన తిట్లన్ని ఒక్క ముద్రల గుద్దుత. గది గుద్దినంకనే నాకు నిద్ర పడ్తది."

ఓటు అంటే అమూల్యమైనదని, పవిత్రమైనదని జీపుల్లో మైకులు అరుస్తుంటే విసుగొచ్చేది. ఇలా తిట్ల మూట అని ఎవరూ చెప్పలేదు. సరైన మాట అదేనని ఇప్పటికీ నా నమ్మకం. చీకటి పడేసరికి నేను నిటారుగా నిలబడగలిగాను. దండం పెట్టి వచ్చేశాను. ఆమె పేరు మాత్రం అడగలేదు. అడగాలని తోచనే లేదు.

మర్నాడు ఎనిమిదింటికి మొదలైంది. గంటన్నర కుర్చీలో కూర్చునేసరికి ముసలమ్మ ఉప్పు మహిమ కరిగిపోయింది. పది గంటలకు ఆడవాళ్ల వరస ఒక్కసారిగా పెరిగింది. సరిగ్గా అప్పుడే నడుం పట్టేసి, తల ఎత్తితే ప్రాణం పోయేటట్టుంది. తల దించుకునే చీటీలు అందుకున్నాను, తల దించుకునే పేర్లు చదివాను. ఎదురుగా చీర కుచ్చెళ్లు, పాదాలు మాత్రం కనిపించేవి. పార్టీల ఏజెంట్లు బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఊరందరినీ ఎరిగినవాళ్లు. ఒకరిద్దరి పాదాలు జాబితాలోని వయసుకు పొసగక అనుమానం వచ్చి, "ఈమేనా?" అని అడిగాను. "ఆమెనే సార్, రాయుండ్రి" అన్నారు. రాశాను. గీత గీశాను.

పన్నెండు దాటాక ముసలమ్మ వచ్చింది. పొయ్యి పని, పశువుల పని ముగించుకుని, ఉతికిన చీర కట్టుకుని, చీటీ పట్టుకుని వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నేను చీటీ తీసుకుని జాబితాలో నంబరు వెతికాను. ఆ పేరు కింద అప్పటికే గీత ఉంది. ఎర్ర సిరా గీత, కాస్త వంకరగా. గీత నాదే.

ఎవరో ఆమె పేరున వచ్చి ఓటు వేసి పోయారు. నేను తల ఎత్తి ఉంటే చాలు. ఊళ్లో నేనెరిగిన ఒకే ఒక్క మొహం ఈమెది. కిందటి సాయంత్రం పేరు అడిగి ఉన్నా, ఆ పేరు చదివేటప్పుడు తల ఎత్తేవాణ్ణే.

"మీ పేరున ఓటు పడిపోయిందమ్మా" అన్నాను.

"ఎట్ల పడ్తది? నేను గిప్పుడొస్తుంటి. ఏలు జూడుండ్రి, సిరా ఉన్నదా?" అని చూపుడు వేలు నా మొహం ముందు పెట్టింది. చింతపండు మరక తప్ప ఏమీ లేదు. "ఎవలేసిండ్రు? నువ్ సూడలే?"

ఏజెంట్లు ముగ్గురూ పైకప్పు వైపు చూస్తున్నారు. ఒకరి పార్టీ అంటే ఒకరికి పడదు, ఆ విషయంలో మాత్రం ముగ్గురూ ఒకటే. నేను తేలు కుట్టిన దొంగలా జాబితాలోకి తల దించుకున్నాను. ఆమె నన్నే చూసింది. తర్వాత తనే తల ఊపింది.

"పాపం, నడుం గుంజుతుండె గద. ఎట్ల సూస్తవ్ తియ్యి" అంది.

నెలరోజులుగా నేను అడుక్కుంటున్న మినహాయింపు అది. డాక్టరు, సూపరింటెండెంటు, ప్రభుత్వం ఎవరూ ఇవ్వలేదు. ఆమె ఇచ్చింది. దాన్ని పుచ్చుకోవడానికి నాకు సిగ్గేసింది.

లెక్చరరు పుస్తకం తిరగేసి దారి వెతికాడు. ఇలాంటప్పుడు అసలు ఓటరుకు వేరే బ్యాలెట్ ఇవ్వొచ్చు. ముద్ర వేశాక దాన్ని డబ్బాలో వెయ్యరు. విడిగా ఒక కవర్లో పెట్టి సీలు చేస్తారు. ఆ కవరును లెక్కపెట్టరు. కోర్టు అడిగితే తప్ప ఎవరూ విప్పరు. ఈ చివరి సంగతి లెక్చరరు నాకు మాత్రమే వినిపించేలా చదివాడు.

ఆమె ఆ కాగితం తీసుకుని ముద్ర వేసే అట్ట చాటుకు వెళ్లింది. లోపల దబ్బుమని చప్పుడైంది. బల్ల కదిలింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె మొహం ఎంత తేటగా ఉందో చెప్పలేను. కాగితం మడిచి నా చేతికే ఇచ్చింది. నేను కవర్లో పెట్టాను.

"డబ్బల ఎయ్యవా?"

"దీనికి వేరే కవరు ఉందమ్మా."

"గిది గూడ లెక్కలకొస్తది గద, సారూ?"

లెక్చరరు పుస్తకంలోకి చూశాడు. ఏజెంట్లు కప్పులోకి చూశారు. నేను ఈసారి తల ఎత్తాను, నొప్పి పుడుతున్నా ఎత్తి, ఆమె మొహంలోకే చూశాను.

"వస్తుందమ్మా" అన్నాను.

"గంతే సాలు. ఇయ్యాల నిద్ర పడ్తది" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నడుం ఎట్లున్నది బిడ్డా?"

"తగ్గిందమ్మా."

అదీ నమ్మింది. సర్టిఫికెట్టు అడగకుండా నా మాట నమ్మిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆమెకు నేను చివరగా చెప్పినవి రెండు మాటలు, రెండూ అబద్ధాలే.