పరీక్షకు పెట్టిన ఫొటో

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల వెబ్‌సైటు తయారుచేస్తూ, ఫొటోలు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడడానికి అక్కడ గొలుసులు అల్లే ఒకామె ఫొటో పెట్టాను. పదకొండు రోజులపాటు ఆమె రోజూ చెంగుతో ముఖం తుడుచుకుని, గుమ్మంలోనే నిలబడి అడిగేది: "ఉన్నానా బాబూ?"

అది నమూనా మాత్రమేనని ఆమెకు చెప్పలేదు. పన్నెండో రోజు పరీక్ష ముగిసింది. ఆమె ఫొటో తీసేసి, నగలు పెట్టుకున్న ఒక మోడల్ అమ్మాయి ఫొటో పెట్టాను. ఆ సాయంత్రమే ఆమె గుడివాడ నుంచి వచ్చిన ఆడపడుచును వెంటబెట్టుకొచ్చింది.

"ఏదీ, మా వదిన సినిమా?" అని ఆడపడుచు నవ్వింది.

"కంప్యూటర్ పాడై ఫొటో పోయిందమ్మా," అన్నాను.

"అయ్యో, ఇన్నాళ్ల మీ కష్టమంతా పోయిందా బాబూ! ఉండండి, కాఫీ తెస్తాను," అంది ఆమె.

ఆ కాఫీ తాగాను కూడా.