పాటల టీచరమ్మ చప్పుళ్ల పాఠం

బడిలో ఆమెను అందరూ పాటల టీచరమ్మ అనేవారు. ఇంట్లో భర్త మాత్రం కాలుగాలిన పిల్లి అనేవాడు. మొదట్లో ఆమె అలా ఉండేది కాదు. ఆ ఏడు వానల్లో పట్టిన జలుబు పోతూ పోతూ ఎడమ చెవిలో కీచుమనే మోతను వదిలిపెట్టి పోయింది. డాక్టరు లైటు వేసి చూసి, "లోపల ఏమీ లేదమ్మా. మోత ఉంటుంది, అలవాటు చేసుకోవాలి," అన్నాడు.

"జోరీగతో కాపురం చెయ్యమంటున్నాడు," అంది ఇంటికొచ్చి.

"నాతో చెయ్యట్లేదూ?" అన్నాడు భర్త. ఆమెకు నవ్వు రాలేదు.

గది ఎంత సద్దుమణిగితే మోత అంత పెరిగేది. ఫ్యాను వేసేది, కుళాయి తిప్పేది, వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి తిరిగేది. బడిలో మరీ కష్టం. కీబోర్డు పైస్థాయి స్వరాలు చెవిలో మోతతో కలిసిపోయి, పిల్లలు శ్రుతిలో ఉన్నారో లేదో తెలిసేది కాదు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో సరిగ్గా పాడుతున్న పిల్లనే తప్పు పాడావని కసిరింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. టీచరమ్మ కీబోర్డు పక్కకు నెట్టేసింది.

"ఇవాళ పాట వద్దు. కళ్లు మూసుకుని, ఏం వినిపిస్తోందో చెప్పండి."

అది పాఠం కోసం అన్న మాట కాదు. బయటి చప్పుడేదైనా తన చెవికి ఆసరాగా దొరికితే చాలనుకుంది.

"ఏమీ వినిపించట్లేదు టీచర్."

"చెవులు ఇంట్లో పెట్టొచ్చారా?"

కాసేపటికి ఒక్కొక్కరూ నోరు విప్పారు. "పైన ఎవరో బెంచీ ఈడుస్తున్నారు." "కుళాయి కారుతోంది." "వీడి కడుపు గుర్రుమంటోంది టీచర్!" తరగతంతా ఘొల్లుమంది.

ఆమె కుళాయి చుక్కను తాళంగా పట్టుకుని బల్ల మీద వేళ్లతో కొట్టింది. ఒకడు కిటికీ గడియ కదిపాడు, ఇంకొకతె సంచి జిప్పు లాగింది. గంట కొట్టేదాకా టీచరమ్మకు తన చెవి గుర్తుకే రాలేదు.

మరుసటి వారం ఫోనులో ప్రయోగాత్మక సంగీతం వెతికి తెచ్చి వినిపించింది. రైలు మోతల్ని ముక్కలు కోసి అతికించినది ఒకటి, గాజు పలకల్ని గీకినది ఇంకొకటి.

"ఇది సంగీతమేనా టీచర్? రేకుల షెడ్డు కూలినట్టుంది."

"నాకూ తెలీదు. ఇంకోసారి విందాం."

హెడ్మాస్టరు పిలిపించాడు. "పాటలు నేర్పమంటే పాత సామాన్ల కొట్టు తెరిచారేంటమ్మా? పక్క గదిలో లెక్కల మాస్టారు తల పట్టుకుంటున్నారు. వార్షికోత్సవానికి పాటేదీ?"

"పిల్లలు చప్పుళ్లతో కట్టిందే పెడదాం సార్."

"జనం నవ్వుతారు."

"నవ్వనివ్వండి. అదీ చప్పుడేగా."

జనం నవ్వారు కూడా. బకెట్లతో, డబ్బా మూతలతో పిల్లలు వేదికెక్కగానే వెనక వరసల్లో ఈలలు. మధ్యలో ఓ బకెట్ చెయ్యి జారి దడదడా దొర్లింది. ఆరోజు తిట్లు తిన్న పిల్ల దాన్ని కాలితో ఆపి, నిలబెట్టి, అందులోకి చెంబుతో ఒక్కొక్క చుక్కా నీళ్లు వదలసాగింది. హాలు సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో టీచరమ్మ చెవి హోరెత్తింది. పారిపోవాలనిపించింది. తెర వెనక అటూ ఇటూ తిరుగుతూనే చివరిదాకా ఉంది.

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు మొహమొహాలు చూసుకున్నారు. లెక్కల మాస్టారు, "ఇంతకీ ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని అడిగాడు.

ఆమె ఆ పిల్లను పక్కకు పిలిచింది. "ఆరోజు నువ్వు సరిగ్గానే పాడావే. నా చెవే బాగాలేదు."

"నాకు తెలుసు టీచర్," అంది ఆ పిల్ల, బకెట్ తుడుచుకుంటూ.

అప్పట్నుంచి తరగతిలో శ్రుతి చూసే పని ఆ పిల్లదే. హెడ్మాస్టరు శుక్రవారం చివరి పీరియడు చప్పుళ్లకు ఇచ్చాడు, బడి ఆవరణ దాటి వెళ్లాలన్న షరతుతో. ఆమెకు కావలసిందీ అదే. చెవి మోత తగ్గలేదు. వెల్డింగు షాపుల వీధిలో చప్పుళ్ల వెంట ఆమె గబగబా నడుస్తుంటే, అందుకోలేక పిల్లలు వెనక పరుగులు తీస్తుంటారు.