అత్త విన్న ఇంగ్లీషు పాఠం

మొన్న ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాల్సినదాన్ని, శుక్రవారమే మా వరండాలో పట్టుబడిపోయినాను. ఎట్లనో వినండి.

ఈస్టరుకు ముందు నలభై రోజులు మా పల్లెలో చాలామంది ఉపవాసముంటారు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లే. ఈసారి నేనూ ఉంటానన్నాను. మా అత్త సంబరం చూడాల! మార్కాపురం సంతలో కనపడినవాళ్లకు కూడా చెప్పి, ఆదివారం చర్చిలో ఉపవాసం గురించి సాక్ష్యం చెప్పడానికి నా పేరిచ్చేసింది. పదేళ్ల కాపురంలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది?

సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్తాను. నాదొక పద్ధతి ఉంది. ఇంగ్లీషులో చదివిన వాక్యాన్ని వెంటనే తెలుగులో గట్టిగా చెప్పాల్సిందే. వరండాలో కూర్చున్న పెద్దోళ్లకు కూడా పాఠం అర్థం కావాలని నా ఆరాటం.

ఆ రోజు పాస్ట్ కంటిన్యుయస్. ఒక పని జరుగుతా ఉండగా ఇంకోటి జరిగింది, అంతే. వాజ్, వర్ పెట్టి, క్రియకు ఐఎన్‌జీ తగిలించండి, మీ కళ్లతో చూసిందే రాయండి అన్నాను.

పక్కింటి సునీత లేచింది. ఏడో తరగతి, నన్ను అత్తా అని పిలుస్తుంది.

"వెన్ ఐ వెంట్ టు ద కిచెన్, అత్త వాజ్ ఈటింగ్ దోసెస్."

ముందురోజు ఒంటిపూట బడి వదలగానే మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చింది ఈ పిల్లే. పిండి పులిసిపోతోందని, తలుపు చాటున నిలబడి రెండు దోసెలు తింటున్నాను. నన్ను చూసి, నీళ్లు తాగి పోయింది.

మా అత్త వరండాలోనే చింతపండులో గింజలు తీస్తూ కూర్చునుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, బతికిపోయినా అనుకుని, గుడ్, కూర్చో అన్నాను.

"తెలుగులో చెప్పలేదు గదత్తా," అని సునీత గొంతు పెంచింది. "నేను వంటింట్లోకి పోయినప్పుడు అత్త దోసెలు తింటా ఉండె."

మా అత్త చెయ్యి ఆగిపోయింది. తప్పని కొట్టేద్దామంటే వాక్యంలో ఒక్క తప్పు లేదు. సిగ్గుతో చచ్చిపోతూనే టిక్ పెట్టినాను.

పిల్లలు పోయినాక అత్త ఒకటే మాటన్నది. "పేరిచ్చినా. ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పినాను, తల వంచుకుని. రెండు దోసెలు అనగానే చర్చిలో అందరూ నవ్వినారు. అత్త మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చినాక నెమ్మదిగా అడిగింది. "పిండి గిన్నె నేను చూసినాలే. రెండేనా?"

"మూడు," అన్నాను.