మా పెద్దమ్మకు డాక్టర్ని కుదిర్చిన వైనం

ఈ సంగతి నేనే రాసి పెట్టకపోతే ఇక లాభం లేదు. ఇప్పటికే నరసాపురంలో దీని మీద రెండు కథలు తిరుగుతున్నాయి. ఒక కథలో నేను అరవై తొమ్మిదేళ్ళ ఆవిణ్ణి పెళ్ళికూతురని చెప్పి ఒక డాక్టరుకు అంటగట్టబోయిన మోసగాణ్ణి. రెండో కథలో నాకు మతి స్థిమితం లేదు. రెండోది చెప్పేవాళ్ళు నా మీద కాస్త జాలి ఉన్నవాళ్ళు. అసలు జరిగింది ఈ రెండింటికంటే ఘోరం. ఎందుకంటే అదంతా నేను బాగా ఆలోచించి, పుస్తకాలు చూసి, పద్ధతిగా చేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, పంపుసెట్ల కొట్లో పని. ఇంటర్ తప్పాక కాలేజీ నన్ను వదిలేసింది కానీ, నేను చదువును వదల్లేదు. సాయంత్రం కొట్టు కట్టేయగానే గ్రంథాలయానికి వెళ్ళి, గుమ్మం పక్క బీరువాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. నాలుగో బీరువా ఆరోగ్యశాస్త్రం. అది పూర్తయ్యేసరికి ఊళ్ళో ఎవరు తుమ్మినా కారణం చెప్పగలిగే స్థితికి చేరుకున్నాను. ఎవరూ అడిగేవారు కాదు, అది వేరే విషయం.

మా అమ్మకు అక్క, సత్యవతి పెద్దమ్మ, మొగల్తూరులో ఉండేది. పెదనాన్న పోయాక ఎకరన్నర చేను కౌలుకిచ్చి, దాని మీదే బతుకుతోంది. ఆ ఏడాది పక్కింటావిడ ఆపరేషను కోసం ఉన్న చేనంతా అమ్ముకుంది. అది చూసినప్పట్నించీ పెద్దమ్మకు నిద్ర పట్టడం మానేసింది. "రోగం వస్తే రానీరా, చేను మాత్రం పోకూడదు," అనేది.

అటువంటి సమయంలో ఏజెంటు ఈశ్వరరావు గారు ఒక ఫారం పట్టుకొచ్చారు. ప్రభుత్వ బీమా కంపెనీ వయసు మళ్ళినవాళ్ళ కోసం పెట్టిన ఆరోగ్య బీమా. ఆస్పత్రి ఖర్చు కంపెనీ భరిస్తుంది. డెబ్బై నిండితే మాత్రం చేర్చుకోరు. పెద్దమ్మకు డెబ్బై నిండటానికి సరిగ్గా పదహారు రోజులుంది.

ఫారంలో అన్నీ నింపాం. ఒక్క గడి మిగిలింది: మీ కుటుంబ వైద్యుడి పేరు, సంతకం. పెద్దమ్మకు కుటుంబమైతే ఉంది కానీ వైద్యుడు లేడు. జ్వరమొస్తే మందుల కొట్లో బిళ్ళ, కడుపునొప్పికి వాము. డెబ్బై ఏళ్ళూ అలాగే గడిచాయి.

"నువ్వు చదువుకున్నోడివి కదరా, ఓ మంచి డాక్టర్ని చూసిపెట్టు," అంది. "హస్తవాసి బావుండాలి. అదొక్కటి చూడు, చాలు."

నేను నవ్వాను. ఫలానా డాక్టరు చెయ్యి పడితే చాలు జబ్బు తగ్గుతుందన్న నమ్మకానికి నాలుగో బీరువాలో ఎక్కడా ఆధారం లేదు. కాబట్టి హస్తవాసిని పక్కన పెట్టి, శాస్త్రీయంగా పదకొండు ప్రశ్నలు రాసుకున్నాను. వయసెంత, కోపం ఎక్కువా, చెడు అలవాట్లున్నాయా, చెయ్యి వణుకుతుందా, ఎన్ని గంటలు నిద్రపోతాడు, వంశంలో జబ్బులేమైనా ఉన్నాయా, ఈ ఊళ్ళో స్థిరపడతాడా లేక నాలుగు రోజులుండి పోతాడా, ఇలా. ప్రతి ప్రశ్నకూ కారణం ఉంది. రోగికంటే ముందు డాక్టరు పోతే ఎలా? మనం ఇంత తిరిగి కుదుర్చుకున్నాక ఆయన వైజాగ్ వెళ్ళిపోతే?

మరో నియమం కూడా పెట్టుకున్నాను. ఈ ప్రశ్నలు డాక్టరునే అడిగితే నిజం చెప్పడు. చుట్టుపక్కలవాళ్ళను గుట్టుగా అడగాలి.

నరసాపురంలో కొత్తగా ఆస్పత్రి పెట్టిన రవికిరణ్ గారి మీద నా దృష్టి పడింది. ముప్పై లోపు వయసు, పెళ్ళి కాలేదు. పెళ్ళి కాలేదన్న సంగతి నేను పట్టించుకోలేదు, నా పదకొండు ప్రశ్నల్లో అది లేదు. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా తెలివిని చూడండి. మా గోదావరి జిల్లాల్లో పెళ్ళికాని కుర్రాడి కోపం గురించి, అలవాట్ల గురించి, వాళ్ళ వంశం గురించి గుట్టుగా నలుగుర్ని అడిగేవాడు ఏ పని మీద వచ్చాడో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియలేదు.

మొదట ఆస్పత్రి పక్కనే మందుల కొట్టు సోమరాజు గారి దగ్గరికి వెళ్ళాను.

"డాక్టరుగారికి కోపమెక్కువాండి?"

"అబ్బే, వెన్నపూసండి. ఇంతకీ మీరెవరి తరఫునండి?"

"మా పెద్దమ్మ తరఫునండి. మొగల్తూరు."

"పొలం ఉందాండి?"

"ఎకరన్నరండి."

"పర్లేదండి. వాళ్ళ అమ్మగారు అలాంటివి పట్టించుకునే మనిషి కాదు."

ఫీజు గురించి అంటున్నారనుకుని సంతోషించాను.

"ఎప్పట్లోగా తేల్చాలనుకుంటున్నారు?"

"ఇరవయ్యో తారీఖు లోపలండి. ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ఇక ఎవరూ తీసుకోరు."

సోమరాజు గారు కౌంటరు మీద నుంచి ముందుకు వంగి, గొంతు తగ్గించారు. "అంత దిగులెందుకండి. ఈ రోజుల్లో ముప్పై దాటినవాళ్ళకి కూడా అవుతున్నాయి."

ముప్పై ఎక్కడ, డెబ్బై ఎక్కడ? పాపం, ఆయనకు బీమా గురించి బొత్తిగా తెలీదనుకుని నోట్‌బుక్కులో ఆ మాట కూడా రాసుకున్నాను.

తర్వాత డాక్టరు అద్దెకుండే ఇంటి యజమానురాలు సుభద్రమ్మ గారు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. ఆయన పదింటికల్లా పడుకుంటాడనీ, సిగరెట్టు ముట్టడనీ, వాళ్ళ తాతగారు తొంభై ఏళ్ళు బతికారనీ విప్పి చెప్పారు. గురక పెడతాడా అని అడిగాను. ఆవిడ కొంచెం సిగ్గుపడి, గోడ అవతల నుంచి వినబడదనీ, అంతకుమించి తనకు తెలియదనీ అన్నారు. వెళ్ళేటప్పుడు, "మా అమ్మాయికి చూసినప్పుడు మేం ఇంత లోతుగా అడగలేదు బాబూ, మీ కుటుంబం చాలా పద్ధతైన కుటుంబం," అన్నారు. వాళ్ళమ్మాయికి ఏం జబ్బో అడగడం బావుండదని ఊరుకున్నాను.

నాలుగో రోజున సోమరాజు గారు కొట్టుకు కబురు పంపారు. డాక్టరుగారు, ఆయన తల్లి లక్ష్మీకాంతం గారు ఆదివారం మొగల్తూరు వస్తారట. నా గుండె పొంగిపోయింది. సంతకం పెట్టే ముందు రోగి ఇల్లూ వాకిలీ చూసుకునే డాక్టరు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? తల్లి ఎందుకన్న అనుమానం రాకపోలేదు. ఆవిడ నర్సై ఉంటుందని సర్దుకున్నాను.

పెద్దమ్మకు అన్నీ నేర్పాను. పరీక్ష ఇంట్లోనే జరుగుతుంది, అడిగినదానికి సమాధానం చెప్పు, నడవమంటే నడువు. తను పెట్టెలోంచి ఉప్పాడ చీర తీసి కట్టుకుని, కజ్జికాయలు చేసి కూర్చుంది.

కారు లక్ష్మీకాంతం గారుండే పాలకొల్లు నుంచి వచ్చింది. ఆవిడ పళ్ళు, స్వీటు ప్యాకెట్టు, మల్లెపూలు పట్టుకుని కొడుకుతో దిగారు. రోగిని చూడ్డానికి పళ్ళు తేవడం మర్యాదే. మల్లెపూల సంగతి మాత్రం ఆ నాలుగో బీరువాలో కూడా చదివిన గుర్తు లేదు.

కాఫీలయ్యాయి. ఆవిడ ఇల్లంతా మెచ్చుకున్నారు. మా అబ్బాయి మీకు నచ్చాడా అని అడిగారు. పెద్దమ్మ లేచి, డాక్టరుగారి కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. "చెయ్యి చల్లగా ఉంది. నాకు నచ్చాడండి," అంది. లక్ష్మీకాంతం గారి ముఖం వెలిగిపోయింది.

"అయితే ఇక ఆలస్యం దేనికండి, అమ్మాయిని పిలవండి."

"ఏ అమ్మాయండి?" అన్నాను నేను.

"మేం చూడ్డానికొచ్చిన అమ్మాయి బాబూ."

పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "చూడాల్సింది నన్నేగదండీ. నడిచి చూపించమంటారా?" అని, సమాధానం కోసం చూడకుండా గోడ దాకా నడిచి, మోకాళ్ళు పట్టుకుని వెనక్కి వచ్చింది.

లక్ష్మీకాంతం గారు పెద్దమ్మనూ, మల్లెపూలనూ, నన్నూ వరసగా చూశారు.

నేను ఫారం తీశాను. నోట్‌బుక్కు తీశాను. పదకొండు ప్రశ్నలూ, వాటి వెనక కారణాలూ వివరించాను. నేను వివరిస్తున్నకొద్దీ లక్ష్మీకాంతం గారు ఒక్కో పండూ తిరిగి సంచీలో వేసుకున్నారు.

"గురక కూడా అడిగాడంటే ఎంత ముందుచూపున్న సంబంధమో అనుకున్నాను," అన్నారు కొడుకుతో. "పద, పోదాం."

ఎల్లుండి ఇరవయ్యో తారీఖు. పెద్దమ్మకు అప్పటికి సంగతి అర్థమైంది. నన్ను తిట్టలేదు. చేతిలో ఫారం పట్టుకుని, కిటికీలోంచి చేలవైపు చూస్తూ నిలబడింది.

డాక్టరుగారు కారు దాకా వెళ్ళారు. మందుల సంచీతో తిరిగొచ్చారు. "కూర్చోండమ్మా," అని పెద్దమ్మ జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూశారు. మళ్ళీ చూశారు. చాలా ఎక్కువుంది. డెబ్బై ఏళ్ళలో ఎవరూ చూడలేదు కాబట్టి ఆవిడకి తెలీదు. ఆ నిద్ర పట్టకపోవడం ఒక్క చేను గురించే కాదన్నమాట. బీపీ సంగతీ, తను ఈ రోజే మొదటిసారి చూసిన సంగతీ ఉన్నదున్నట్టు రాస్తానన్నారు.

బీమా పోతుందేమోనని నాకు భయమేసింది. పదేళ్ళుగా చూస్తున్నట్టు రాస్తే బావుంటుందేమో, బీపీ సంగతి వదిలేస్తే ఇంకా బావుంటుందేమో అని నసిగాను.

ఆయన కలం ఆపారు. "ఏవండీ, నా కోపం గురించి ఊరంతా అడిగారు కదా. ఇప్పుడు స్వయంగా చూడాలనుందా?"

నేను చూడదలచుకోలేదు. ఆయన నిజమే రాసి సంతకం పెట్టారు. లక్ష్మీకాంతం గారు పళ్ళు తిరిగి బయట పెట్టారు. పెద్దమ్మ ఆవిడ సంచీలో కజ్జికాయలు నింపింది.

మర్నాడు పరుగున వెళ్ళి ఫారం ఈశ్వరరావు గారికిచ్చాను. ఆయన ఆసాంతం చూసి, "డాక్టరుగారి సంతకం కూడా తెచ్చారే," అన్నారు ఆశ్చర్యంగా. "కుటుంబ వైద్యుడు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చండి. వెనక పేజీలో ఉంది. మీరు చదివే ఉంటారనుకున్నాను."

నాలుగు బీరువాలు చదివిన నేను ఆ ఒక్క కాగితం వెనక్కి తిప్పలేదు.

బీమా వచ్చింది. బీపీ గురించి కంపెనీ ఏవో షరతులు పెట్టింది, కానీ చేర్చుకుంది. పెద్దమ్మ బీపీ బిళ్ళ వేసుకుని హాయిగా నిద్రపోయింది. అదంతా ఆ చేతి చలవేనంటుంది.

ఆనాడే గ్రంథాలయం మెట్ల మీద నిలబడి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ ఫారమైనా రెండు వైపులా చదవకుండా కలం ముట్టను, పెళ్ళికాని మగవాడి గురక గురించి ఎవరినీ అడగను.

నా ఘనకార్యానికి సాయపడ్డ సోమరాజు గారికి, మజ్జిగిచ్చిన సుభద్రమ్మ గారికి, ముందే చెప్పని ఈశ్వరరావు గారికి, నిజం రాసిన రవికిరణ్ గారికి, నన్ను తిట్టని సత్యవతి పెద్దమ్మకు నా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా లక్ష్మీకాంతం గారికి. మరుసటేడు డాక్టరుగారి పెళ్ళికి పెద్దమ్మ పేరున శుభలేఖ పంపుతూ, కవరు మీద ఆవిడ తన చేత్తోనే రాశారు: "మా అబ్బాయికి వచ్చిన మొదటి సంబంధం వారికి."