మరదలి పుట్టుమచ్చ, నా స్కానర్

మా మరదలు సుజాతకి ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. అది నిజమైనదేనా అని పెళ్లిచూపుల్లో, ఇంటినిండా జనం చూస్తుండగా, పెళ్లికొడుకు నాయనమ్మ తడివేలితో రుద్ది చూసింది! నవ్వకండి. ఆ ఘనకార్యానికి కారకుణ్ణి నేనే.

ఒడిశాలోని రాయగడలో మాది కిరాణా హోల్‌సేల్. ఫోన్లలో కెమెరాలు ఇంకా రాని రోజులు. చింతపండు బస్తాల మధ్య కూర్చునే నాకు ఫోటోల పిచ్చి. రీలు కడగడానికి స్టూడియోకి ఇచ్చేవాణ్ణి గానీ, ప్రింట్లు మాత్రం వాళ్లచేత వేయించేవాణ్ణి కాదు. "వాళ్లకేం తెలుసు కలర్ బాలెన్స్!" అనేవాణ్ణి. నాకూ తెలీదు, అది వేరే సంగతి. విశాఖపట్నం నుంచి నెగటివ్‌లు స్కాన్ చేసే మెషీన్ తెప్పించి ఇంట్లో కంప్యూటర్, ప్రింటర్ల పక్కన పెట్టాను. దానితో వచ్చిన పుస్తకాన్ని మా ఆవిడ ఊగుతున్న మంచం కోడు కింద పెట్టింది. నేనూ తియ్యలేదు. మనకి పుస్తకమెందుకు!

అంతలో సుజాతకి పార్వతీపురం సంబంధం వచ్చింది. కుర్రాడు స్కూల్ టీచరు. పిల్లకి ఎంత నచ్చాడంటే, అతని ఫోటోని బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంది. ఇక మన ఫోటో పంపాలి.

"స్టూడియోకి తీసుకెళ్దుం బాబూ," అంది మా అత్త.

"నేనుండగా స్టూడియో ఏంటత్తా!"

గోడకి కొట్‌పాడ్ నేత చీర కట్టి, దాని ముందు సుజాతని నిలబెట్టి రీలంతా కొట్టాను. వానాకాలం చెమ్మకి నెగటివ్ చుట్టుకుపోయి మెషీన్‌లో ఒక పట్టాన కూర్చోలేదు. తిరగేసి పెట్టాను. బుద్ధిగా కూర్చుంది! ప్రింట్ తీసి పంపించేశాం.

నాలుగో రోజు ఫోన్. పెళ్లికొడుకు తల్లి.

"ఏటండీ, మీ అమ్మాయి పైట కుడి భుజమ్మీద ఏసింది? మీరు తెలుగోళ్లేనా, అక్కడ ఉండీ ఉండీ మారిపోయేరా?"

అత్త మొహం మాడిపోయింది. మూడు తరాలుగా ఒడిశాలో ఉంటున్నవాళ్లం. సరిహద్దు అవతల చుట్టాలు ఆ మాటంటే మాకు ఎక్కడ గుచ్చుకుంటుందో మాకే తెలుసు. సుజాత ఏడుపొక్కటే తక్కువ.

"నాను ఎడం భుజమ్మీదే ఏసుకున్నాను బావా! మచ్చ కూడా కుడి బుగ్గకి ఎల్పోయింది, సూడు!"

చూశాను. నిజమే! మామూలు మనిషైతే అప్పుడైనా మంచం ఎత్తి పుస్తకం తీసేవాడు. నేను ఆలోచించాను.

"అర్థమైంది. ఇది అద్దంలాంటి మెషీన్. ఎడమని కుడి చేస్తుంది. మనం మనిషినే తిరగేసి తీద్దాం. అప్పుడు సరిగ్గా వస్తుంది!"

ఇంట్లో ఒక్కరైనా నన్ను నాలుగు తిట్టి ఉండాల్సింది. అల్లుణ్ణి కదా, ఎవరూ తిట్టలేదు. పైట కుడి భుజం మీద వేయించాం. అసలు మచ్చని పౌడరుతో కప్పేసి, కుడి బుగ్గ మీద కాటుకతో చుక్క పెట్టాం. "దిష్టిబొమ్మలా ఉందిరా దేవుడా," అంది మా ఆవిడ. పట్టించుకోలేదు.

ఈసారి జాగ్రత్తపడ్డాను. నెగటివ్‌ని పంచాంగంలో పెట్టి, పైన బెల్లం దిమ్మ పెట్టి రెండ్రోజులు అణిచాను. చక్కగా చదునై, తిరగెయ్యక్కర్లేకుండానే మెషీన్‌లో కూర్చుంది. ప్రింట్ బయటికొచ్చేసరికి పార్వతీపురం వెళ్లే మా లారీ డ్రైవరు వీధిలో హారన్ మీద హారన్! బోర్లా వచ్చిన ఫోటోని అలాగే కవర్లో పెట్టి ఇచ్చేశాను. మొహం చూడనేలేదు.

అసలు ఏం జరిగిందంటే, మొదటిసారి సరిగ్గా ఉన్న పిల్లని నెగటివ్‌తో పాటు నేనే తిరగేశాను. రెండోసారి తిరగేసిన పిల్లని మెషీన్ ఉన్నదున్నట్టు అచ్చేసింది. రెండు ఫోటోల్లోనూ కుడి పైటే, కుడి మచ్చే! వాళ్లు కూడా ఇక పిల్ల అంతే అనుకుని, పైట సంగతి తర్వాత నేర్పుకోవచ్చులే అని చూడ్డానికి వచ్చారు.

సుజాత కాఫీలు తెచ్చింది. పైట ఎడమ భుజం మీద, మచ్చ ఎడమ బుగ్గ మీద. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని, రెండు ఫోటోలూ అందరికీ కనిపించేలా ఎత్తి పిల్లతో పోల్చి చూసింది.

"ఈ అమ్మి ఆ అమ్మి కాదు! ఫోటోలో పిల్లని దాచీసి ఇంకో పిల్లని సూపిస్తన్నారా? లెగండర్రా, ఎల్పోదాం!"

అందరూ లేచారు. అత్త కళ్లలో నీళ్లు. అప్పుడే ఆ ముసలమ్మ వేలు తడిచేసి సుజాత బుగ్గ రుద్దింది. మచ్చ కదల్లేదు.

"ఇది పోనేదు! అయితే ఫోటోలోది దొంగ మచ్చా?"

"అంటే మామ్మగారూ, మొదటి ఫోటోలోది నిజమైందే కానీ చోటు తప్పు. రెండో దాంట్లో చోటూ తప్పే, మచ్చా మాదే..."

చెప్తున్నకొద్దీ నాకే అనుమానం వచ్చింది. పరిగెత్తుకెళ్లి నెగటివ్‌లు తెచ్చాను. పెళ్లికొడుకు మొదటిది తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. నన్ను చూశాడు. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు.

"పిల్ల బానే ఉందే నాయనమ్మా. తేడా అంతా ఫోటో తీసినాయన్లో ఉంది."

సంబంధం కుదిరింది. నాయనమ్మది ఒక్కటే షరతు: పెళ్లిలో నేను కెమెరా ముట్టుకోకూడదు. అత్త ఆ మాట తప్పకూడదని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నా రెండు చేతులకీ పన్నీరుబుడ్డో, పళ్లెమో తగిలిస్తూనే ఉంది.

స్టూడియోవాడి ఆల్బంలో అందరి పైటలూ ఎడమ భుజం మీదే ఉన్నాయి. ప్రతి పేజీలో పళ్లెం పట్టుకుని నేనున్నాను. కలర్ బాలెన్స్ గురించి మాత్రం అడక్కండి. అదీ బాగానే ఉంది.