సన్యాసమ్మ పంచిన గోనెలు

చోడవరంలో పరదేశి నాయుడి గోనెల షెడ్డుకి యూనివర్సిటీ కుర్రవాడొకడు చేతిలో వాచీ పట్టుకుని చదువుకోవడానికి వచ్చాడంటే, 1957లో ఆ వీధిలో నమ్మినవాళ్లు తక్కువ. పైన రేకులు, కింద దుమ్ము, మధ్యన చిరిగిన గోనెలకు మాసికలు వేసే పన్నెండుమంది ఆడవాళ్లు. చదవడానికి అక్కడేముందని అందరికీ అనుమానమే. నాయుడు గారైతే మొహం మీదే అడిగేశారు.

"పని చేసే చోట మనుషులు ఎలా మసులుకుంటారో చూడాలండి," అన్నాడు శాంతిరాజు.

"దానికి సదువెందుకయ్యా? నానున్నంతసేపు సేస్తారు. నాను లెగిసెల్తే మానేస్తారు. రాసీసుకో."

శాంతిరాజు నవ్వేశాడు. మిషను స్కూల్లో పాతికేళ్లు పాఠాలు చెప్పి పోయిన మేస్టారి కొడుకు కాబట్టి ఊళ్లో అతన్ని కాదనేవాళ్లు లేరు. వాల్తేరులో మనస్తత్వ శాస్త్రం ఎమ్మే చదువుతున్నాడు. ఏదైనా చిన్న పనిచోటు చూసుకుని, నాలుగు వారాలు కనిపెట్టి రిపోర్టు రాసుకు రమ్మన్నారు ప్రొఫెసరు గారు. అది బాగుంటే తన దగ్గరే పరిశోధనకి ఉంచుకుంటానన్నారు. ఆ మాటతో కుర్రవాడికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

షెడ్డులో పనల్లా ఒకటే. కోతలకి ముందు ధాన్యం షావుకార్లు పాత గోనెలు పంపుతారు. పొడుగాటి దబ్బనం, పురికొస పెట్టి చిరుగులు కుట్టి మళ్లీ వాళ్లకి అప్పగించాలి. అందరికీ రోజుకూలే, ఎన్ని కుట్టినా అదే కూలి. అయినా శాంతిరాజు మొదటి రోజే ఒక సంగతి చూసి ఆశ్చర్యపోయాడు. పక్క వీధిలో పొగాకు కొట్టులో నలుగురు మనుషులుంటే పొద్దు గూకేలోగా నాలుగు తగువులు. ఇక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని, గట్టి మాటన్నది లేకుండా రోజుకి నూట డెబ్భై గోనెలు కుడుతున్నారు.

ఇంకో సంగతి కూడా చూశాడు గాని దాన్ని వింతగానే రాసుకున్నాడు. కుప్పలోంచి ఎవరూ తమంత తాము గోనె తీసుకోరు. ఈ పన్నెండుమంది కాక, కుప్ప పక్కన పీట మీద సన్యాసమ్మ కూర్చుంటుంది. యాభై ఏళ్ల మనిషి, నల్లగా, బక్కగా ఉంటుంది. ఒక గోనె ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తుంది, కూర్చున్నవాళ్ల వైపు ఒకసారి చూస్తుంది, ఒకరి ఒళ్లోకి విసురుతుంది. అది అయిపోతే ఆ మనిషి చెయ్యెత్తుతుంది, ఇంకోటి వచ్చి పడుతుంది. మధ్య మధ్య తనూ ఒకటి పట్టుకుని కుడుతుంటుంది. ఇదేం పద్ధతి అని అడిగితే, మొదట్నించీ అంతే బాబూ అన్నారు తప్ప ఎవరూ కారణం చెప్పలేదు.

మూడు వారాలు శాంతిరాజు వాచీ చూస్తూ లెక్క రాశాడు. పట్టిక తయారయింది. అందరికన్నా పైన చిన్నతల్లి, రోజుకి ఇరవై రెండు గోనెలు. అందరికన్నా అడుగున సన్యాసమ్మ, రోజుకి ఐదు. గోనె కోసం చెయ్యెత్తి ఎదురుచూడ్డంలో పోయిన కాలం అంతా కూడితే రోజుకి దాదాపు రెండు గంటలు తేలింది. ఎవరి గోనె వాళ్లే తీసుకుంటే బాగుంటుందని, సాయంత్రం ఎవరెన్ని కుట్టారో నల్లబల్ల మీద పేర్లతో రాస్తే హుషారు పెరుగుతుందని రెండు సలహాలు రాశాడు. తన రాతని తనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

నాయుడు గారు మాత్రం పట్టికలో అడుగు వరసే చూశారు.

"ఐదా? అంటే పీట మీద కూకుని నా కూలి తింటందన్నమాట."

"అలా అనలేదండి నేను."

"నువ్వనలేదు. నీ లెక్క అన్నాది."

మర్నాడు సన్యాసమ్మని పన్లోకి రావద్దన్నారు. ఎవరి గోనె వాళ్లే తీసుకోవాలన్నారు, గోడకి నల్లబల్ల తగిలించారు, కుప్ప మీద కన్నేసి ఉంచమని ఆ పీట మీద చిన్నతల్లిని కూర్చోబెట్టారు. సన్యాసమ్మ దబ్బనం చీర చెంగుకి తుడిచి పురికొస ఉండలో గుచ్చింది. వెళ్తూ వెళ్తూ చిన్నతల్లితో, "తూరుపు పక్క రేకు కారతాదే, అటేపు గోనెలెట్టకు," అంది. అంతే. నాయుడు గారి తండ్రి హయాంలో, మొగుడు పోయిన ఏడాది ఆ గుమ్మం ఎక్కిన మనిషి ఇరవై తొమ్మిదేళ్లకి గుమ్మం దిగింది. శాంతిరాజుకి ప్రాణం ఉసూరుమంది గాని, లెక్క లెక్కే కదా అని సర్దిచెప్పుకున్నాడు. చదువుకున్నవాళ్లకి ఈ సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

మొదటి వారం నూట డెబ్భై కాస్తా రెండు వందల పది అయింది. ఆ అంకె పట్టుకుని శాంతిరాజు వాల్తేరు వెళ్లాడు. ప్రొఫెసరు గారు భుజం తట్టారు, పరిశోధనకి చోటు ఖాయమన్నారు. పది రోజులుండి, తల్లికి పళ్లు కొనుక్కుని, దర్జాగా చోడవరం బస్సు దిగి తిన్నగా షెడ్డుకే వెళ్లాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. పన్నెండుమందిలో తొమ్మండుగురే ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ప్రతి మనిషీ తన తుండు కింద, చీర కింద నాలుగేసి గోనెలు దాచుకుని కూర్చుంది. చిన్న చిరుగులున్నవి చేజిక్కించుకోవాలని పొద్దు పొడవకముందే వచ్చేస్తున్నారట. నల్లబల్ల మీద పేరు కింద పడితే పరువు పోతుందని భయం. అలా దాచిన గోనెని వాళ్లలో నరసమ్మ, అచ్చియ్యమ్మ చెరోవైపూ లాగడంలో దబ్బనం అచ్చియ్యమ్మ అరచేతిలో దిగిపోయింది. కుప్పలో మిగిలినవన్నీ ఎలుకలు కొట్టిన గోనెలే. బల్ల మీద ముందు రోజు మొత్తం ఎనభై ఎనిమిది.

పీట మీద చిన్నతల్లి కళ్లు వాచి ఉన్నాయి. ఇరవై రెండేళ్ల పిల్ల, పది రోజుల్లో చిక్కి సగమైంది.

"నా సెయ్యి పడిపోనాది బాబూ," అంది అతన్ని చూడగానే. "నిన్న తొమ్మిదే కుట్టేను. ఏటైపోనాదో తెలీదు. మడిసికి కలిసిరాకపోతే సేతులు కూడా కలిసిరావు కావాల."

అంతలో నాయుడు గారు అందుకున్నారు. వారం రోజుల్లో గోనెలు అప్పగించకపోతే షావుకార్లు ఇంకెక్కడో చూసుకుంటారని, ఇదంతా అతని కాగితం చలవేనని నలుగురిలో కడిగేశారు. ఆయన కేకలేస్తుంటే శాంతిరాజు కింద కూర్చుని కుప్పలోంచి ఎలుకలు కొట్టిన గోనె ఒకటి తీసుకున్నాడు. దబ్బనం పట్టుకుని, పక్కావిడ చూపించినట్టు మాసిక వేశాడు. గంటా పది నిమిషాలు పట్టింది. తర్వాత బెత్తెడు చిరుగున్నది తీసుకున్నాడు. పావుగంటలో అయింది. మూడు వారాలు తను గోనెల్ని లెక్కపెట్టాడు, చిరుగుల్ని చూడనే లేదు. ఆ కుప్పలో అధ్వానమైనవన్నీ ఏరుకుని రోజుకి ఐదు కుట్టింది సన్యాసమ్మ.

మధ్యాహ్నానికి బుచ్చయ్యపేట దారిలో ఆవిడ ఉంటున్న చోటు కనుక్కుని వెళ్లాడు. చెరుకుతోటలో కూలికి ఎండాకు తీస్తోంది. ముంజేతులంతా ఆకు కోసిన గీతలు. మోకాళ్లు సాయం చెయ్యక, ప్రతి మొక్క దగ్గరా చెరుకు గడ పట్టుకుని లేస్తోంది. అది చూస్తే శాంతిరాజుకి కళ్లనీళ్లు తిరిగాయి.

"నా తప్పేనమ్మా. గట్టి చిరుగులన్నీ నువ్వే తీసుకునేదానివి. నేను చూసుకోలేదు."

"పోన్లెండి బాబూ. మీరు మాత్రం ఏటి సేస్తారు, మూడు వారాలే కదా," అంది సన్యాసమ్మ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది.

"మిగిలినవి ఎలా పంచేదానివి? ఎవరికేది ఇవ్వాలో నీకెలా తెలిసేది?"

ఆవిడ గట్టు మీద కూర్చుంది. ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"గుమ్మంలో అడుగెట్టినప్పుడు సూస్తాను. సద్ది గిన్ని ఎలాగ దించిందో సూస్తాను. నరసమ్మ మొగుడితో పేచీ పడొస్తే గిన్ని సప్పుడవుద్ది. దానికి పేద్ద సిరుగిత్తాను. పొడిసి పొడిసి మజ్జాన్నానికి మామూలు మడిసైపోద్ది. అచ్చియ్యమ్మకి ఒకలాటివి రెండిస్తే ఇసుగు. మార్చి మార్చి ఇవ్వాల. మంగాయమ్మకి సూపు తగ్గిపోతంది, ఆ సంగతి దానికింకా తెలీదు. దానికి ఎర్రగీతున్న గోనెలే ఏరుతాను. గీత తెగిన కాడ సిరుగు అవుపిస్తాది కదా."

శాంతిరాజు నోరు తెరుచుకుని విన్నాడు. పన్నెండుమంది గురించీ చెప్పింది. ఎవరి పక్కన ఎవర్ని కూర్చోనివ్వకూడదో, ఎవర్ని ఏ పూట పలకరించకూడదో, ఎవరికి పని తగ్గితే బెంగ పెరుగుతుందో చెప్పింది. అతని పెట్టెలో ఆరు లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిలో ఉన్నదీ ఇదే, లేనిదీ ఇందులో ఉంది. సంతకం పెట్టడం రాని మనిషి ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి ఉదయం పన్నెండుమంది మనసులు చదివి, ఎవరికీ తెలియకుండా ఎవరి బరువు వాళ్లకి తూచి ఇచ్చింది. పెద్ద సముద్రం పక్కనే పుట్టి మూడు వారాలు నూతిలో నీళ్లు కొలిచానని సిగ్గుపడ్డాడు.

"ఇదంతా నాయుడు గారికి చెప్తాను. పట్టిక ఎందుకు తప్పో అందరి ముందూ విప్పి చెప్తాను," అన్నాడు.

సన్యాసమ్మ మొహం మారిపోయింది.

"సెప్పకండి బాబూ."

"నీ పని నీకు రావాలంటే చెప్పాలి కదమ్మా."

"సిన్నతల్లి ఇంటాది." ముంజేతి గీతలు చెంగుతో తుడుచుకుంది. "శ్రావణంలో దాని గుంటడు పోయేడు. ఎనిమిది నెలల బిడ్డ. పన్లోకొచ్చిన రోజున దబ్బనంలో పురికొస ఎక్కించలేకపోనాది. సిన్న సిన్న సిరుగులు ఏరి దాని ఒళ్లో ఏసేను. నాలుగు రోజులకి, 'అత్తా, నా సెయ్యి సురుకైనాది సూడు' అన్నాది. అన్నప్పుడు నవ్వింది. గుంటడు పోయేక అదే నవ్వడం. అప్పట్నుంచీ అవే ఇస్తన్నాను."

"ఇంకెన్నాళ్లిస్తావు?"

"దానికక్కర్లేనప్పుడు ఆపీస్తాను. తెలుస్తాది. మీ కాగితంలో దాని పేరు పైనున్నాదని వీధిలో అందరికీ సెప్పుకున్నాది బాబూ. అది తీసీకండి."

శాంతిరాజు చాలాసేపు ఆ గట్టు మీదే కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్తే సన్యాసమ్మకి పని వస్తుంది, తన రిపోర్టు ఇంకా గొప్పదవుతుంది, చిన్నతల్లి మాత్రం కూలిపోతుంది. చెప్పకపోతే సన్యాసమ్మ ఈ ఎండాకులు తీస్తూనే ఉంటుంది. ఇంటికి వెళ్లి తల్లితో కూడా మాట్లాడకుండా ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాడు.

మర్నాడు పని మొదలయ్యే వేళకి సన్యాసమ్మని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. రాని ముగ్గురూ ఆ కబురు విని వచ్చారు. నాయుడు గారు కుర్చీలోంచి లేవలేదు.

"పట్టిక నీదే కదయ్యా. అందులో ఈవిడిది ఐదు. ఇప్పుడు రమ్మంటే ఏటని రమ్మనాల?"

"నాది తప్పండి. నేను తొమ్మిదింటికి వచ్చేవాణ్ణి. ఆవిడ పొద్దున్నే వచ్చి కుట్టినవేవీ లెక్కలో వేసుకోలేదు."

"ఎన్నాళ్లు?"

"మూడు వారాలూనండి."

సన్యాసమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. ఆవిడ వచ్చేదీ తొమ్మిదింటికే, అందరికన్నా ఒక్క అడుగు ముందు; నాయుడు గారు వచ్చేది ఇంకా తర్వాత. నాయుడు గారు పెద్దగా నవ్వారు.

"ఎమ్మే సదివి పది దాకా లెక్కెట్టడం రాలేదేటయ్యా నీకు?"

ఆడవాళ్లు కూడా నవ్వారు. పది రోజుల తర్వాత ఆ షెడ్డులో వినబడిన మొదటి నవ్వు అది. శాంతిరాజు తల వంచుకుని నిలబడ్డాడు.

"మరి మీ ప్రొఫెసరు గారికి ఏటి సెప్తావు?"

"ఇదే రాసేనండి, లెక్క నమ్మదగ్గది కాదని. పొద్దున్నే పోస్టులో వేసేను."

ఆ ఉత్తరంతో పరిశోధన చోటు పోతుందని అతనికి తెలుసు. నాయుడు గారికి అదంతా అక్కర్లేదు. గోనెలు కావాలి. నల్లబల్ల తుడిచెయ్యమన్నారు, సన్యాసమ్మని పీట మీద కూర్చోమన్నారు. చిన్నతల్లి గబుక్కున లేచి పీట ఖాళీ చేసింది. తనకెప్పుడూ అది అక్కర్లేదంది. అందరూ సర్దుకుని కూర్చుంటున్నారు, ఆ పిల్ల మాత్రం నిలబడే ఉంది.

"బాబూ," అంది. "మరి నా లెక్కో? అది కూడా తప్పేనా?"

సన్యాసమ్మ చేతిలోకి తీసుకున్న గోనె అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"నీది సరిగ్గానే రాసేనమ్మా," అన్నాడు శాంతిరాజు. "ఇరవై రెండు. రెండుసార్లు చూసుకున్నాను."

చిన్నతల్లి తన కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తర్వాత తన చోటుకి వెళ్లి కూర్చుని, గోనె కోసం ఆ చెయ్యెత్తింది.