సునంద రెండో సాక్ష్యం

ఈ రోజు ఆళ్లగడ్డలో మా ఇంట ప్రార్థన కూటం జరిగింది. సాక్ష్యాల వేళ మా చిన్న చెల్లెలు సునంద లేచి నిలబడింది. దేవుడు తన దిగులు జబ్బు తీసేశాడని, మాత్రలు మానేశానని మూడు నెలల కిందట ఇక్కడే సాక్ష్యం చెప్పింది. పది రోజులుగా అన్నం సరిగా ముట్టదు, పాఠాలు చెప్పడానికి బడికీ పోదు. అడిగితే జ్వరమంటుంది.

"నాకు ఆ దిగులు మళ్ళా వచ్చింది. బాగుంది కదా అని మాత్రలు నేనే నిలిపేస్తి. రేపు నంద్యాలకు డాక్టరు దగ్గరికి పోతాండా. ప్రార్థన చేయండి" అంది.

ఎదురింటి ఎస్తేరమ్మ ఊరుకోలేదు. "ఏందే, దేవుడు బాగుచేసినాడని చెప్తివి కదా?"

"చెప్తి పెద్దమ్మా. డాక్టర్ని ఇచ్చింది గూడా ఆయనే. నువ్వు అద్దాలు పెట్టుకొనే కదా బైబిలు చదువుతాండావ్?"

ఎస్తేరమ్మ ముక్కు మీది అద్దాలు సర్దుకుంది. "అయితే మొదటి బస్సుకే పో. సీటు దొరుకుతాది" అంది.

పదిమందిలో చెప్పిన మాటను ఆ పదిమందిలోనే దిద్దుకోవడం నాకైతే చేతకాదు. ఆనాటి సాక్ష్యానికి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఈ రోజూ అన్నాను. మీరైతే ఈ రెండు సాక్ష్యాల్లో దేనికి గట్టిగా అనేవారో చెప్పండి. నేను మాత్రం రేపు బస్సులో దాని పక్క సీట్లో ఉంటాను.